పేరు రాసే రిజిస్టరు ఎవరిది?

కాలేజీలో చేరడమంటే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది పుస్తకాలు కాదు, కాగితాలు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, టీసీ, స్టడీ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోటోలు. జూన్ వచ్చిందంటే గూడెం నుంచి మీసేవకు, మీసేవ నుంచి తహసీల్దారు ఆఫీసుకు, అక్కణ్నుంచి కాలేజీకి తిరగడంతోనే సరిపోతుంది. కొందరు ఆ తిరుగుడు మధ్యలోనే ఆగిపోయి పత్తి గింజలు పెట్టే కూలికి పోతారు. ఏజెన్సీలో పనిచేసే ఉపాధ్యాయులం మేమందరం ఏటా చూస్తున్నదే ఇది. ప్రవేశం అనేది చిన్న ఆఫీసు పనిలా కనబడుతుంది గాని, దాని వెనుక పెద్ద చరిత్ర ఉంది. ఎవరి పేరు రాసుకుంటారు, ఎవరు రాసుకుంటారు, ఏ కాగితం చూసి రాసుకుంటారు అనే మూడు ప్రశ్నలు అందులో ఉన్నాయి. ఈ ప్రశ్నలతో వందేళ్లకు పైగా కొట్లాడి, చివరికి సొంత కాలేజీలు కట్టుకున్న ఆదివాసీలు అమెరికాలో ఉన్నారు. మన పాఠ్యపుస్తకాలు ‘రెడ్ ఇండియన్లు’ అని రాసింది వాళ్లనే. ఆ పేరు వాళ్లు పెట్టుకున్నది కాదు కాబట్టి మనం వాడొద్దు. నవాహోలు తమను తాము ‘దినే’ అనుకుంటారు, అంటే మనుషులు అని అర్థం. కోయతూర్ అనే మాట తెలిసిన మనకు ఇది కొత్తగా ఉండదు.

వాళ్లు కట్టుకున్నవి కమ్యూనిటీ కాలేజీలు. మన దగ్గర ఈ మాటకు అంత వాడుక లేదు కనుక ముందు దాని సంగతి చెప్పుకుందాం. అమెరికాలో పన్నెండో తరగతి తర్వాత రెండేళ్లు చదివే కాలేజీ ఇది. ప్రభుత్వ రంగంలో మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైంది. మొదట్లో జూనియర్ కాలేజీ అనేవారు. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన ఉన్నత విద్యా సంఘం 1947లో నివేదిక ఇచ్చాక కమ్యూనిటీ కాలేజీ అనే పేరు బాగా వాడుకలోకి వచ్చింది. ఉన్న ఊళ్లోనే, తక్కువ ఫీజుతో, పని చేసుకుంటూ చదువుకునే వీలుండాలి అన్నది ఉద్దేశం. అన్నిటికంటే ముఖ్యమైనది, తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. హైస్కూలు పూర్తి చేసినవాళ్లు అడిగితే చేర్చుకోవాలి. పరీక్ష పెట్టినా అది ఏ స్థాయి తరగతిలో కూర్చోబెట్టాలో చూసుకోవడానికే తప్ప వెనక్కి పంపడానికి కాదు. రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకుంటే, ఆ తర్వాత యూనివర్సిటీలో మూడో ఏటికి వెళ్లొచ్చు. లేదా ఆ చదువుతోనే ఉద్యోగంలో చేరొచ్చు.

అయితే అమెరికా ఆదివాసీలకు బడి రిజిస్టరుతో మొదటి పరిచయం ఇలా తెరిచిన తలుపు దగ్గర జరగలేదు. 1864లో అమెరికా సైన్యం వేలమంది నవాహోలను వాళ్ల నేల నుంచి లేవదీసి 300 మైళ్లకు పైగా నడిపించి బోస్క్ రెడొండో అనే చోట నాలుగేళ్లు బందీలుగా ఉంచింది. అక్కడ ఆకలికీ జబ్బులకీ ఎంతోమంది చనిపోయారు. 1868 జూన్ 1న ఒప్పందం చేసుకుని ఇళ్లకు పంపారు. ఆ ఒప్పందంలో చదువు గురించి ఒక షరతు ఉంది. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఉన్న పిల్లలను బడికి పంపి తీరాలి. అలా వచ్చే ప్రతి ముప్పైమంది పిల్లలకు ఒక బడి ఇల్లు, ఒక టీచరు ఇస్తామని ప్రభుత్వం రాసింది. అదే ఏడాది లకోటా తెగలతో చేసుకున్న ఒప్పందంలోనూ ఇదే షరతు ఉంది. టీచర్ల మాట చాలాచోట్ల కాగితం మీదే మిగిలింది. పిల్లలను పంపించే మాటను మాత్రం ప్రభుత్వం మరిచిపోలేదు.

1879లో రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే ఊళ్లో ఖాళీగా ఉన్న సైనిక శిబిరంలో ఇండియన్ బడి పెట్టాడు. పిల్లల కోసం దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్ లకోటాల దగ్గరికి వచ్చాడు. అక్కడి పెద్ద పేరు సింతే గ్లెస్కా. మచ్చల తోక అని దాని అర్థం. తెల్లవాళ్లు దాన్నే అనువదించి స్పాటెడ్ టెయిల్ అని పిలిచేవారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. తెల్లవాళ్లు అబద్ధాలకోరులు, వాళ్ల దగ్గరికి మా పిల్లలను ఎందుకు పంపాలి అన్నాడు. అప్పుడు ప్రాట్ వేసిన ఎత్తు మనం గుర్తుపెట్టుకోవాలి. నీకు చదువొచ్చి ఉంటే ఒప్పందం కాగితంలో ఏముందో నీకే తెలిసేది, నల్లకొండలు పోగొట్టుకునేవాడివి కాదు కదా అన్నాడు. 1874లో బంగారం బయటపడి, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే లకోటాల చేతి నుంచి పోయిన కొండలవి. ఆ దెబ్బ ఇంకా పచ్చిగా ఉంది. సింతే గ్లెస్కా ఆలోచించి తన పిల్లలనే పంపాడు. తెలియని కాగితం మీద వేలిముద్ర వేసి పోడు భూమి పోగొట్టుకున్న ఇల్లు లేని గూడెం మన దగ్గరా అరుదే. కాబట్టి ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కార్లైల్‌లో చేర్చుకోవడమంటే ఏమిటో, మొదటి బృందంలో వెళ్లిన ఒక లకోటా పిల్లవాడు పెద్దయ్యాక రాశాడు. ఇంట్లో అతని పేరు ఓటా క్తే. బడిలో నల్లబల్ల మీద తెల్లవాళ్ల పేర్లు రాసిపెట్టి, పుల్ల చేతికిచ్చి ఒకదాన్ని చూపించమన్నారు. చదవడం రాని పిల్లవాడు ఏదో ఒక గీత మీద పుల్ల పెట్టాడు. ఆ క్షణం నుంచి అతను లూథర్ అయ్యాడు. తర్వాత లూథర్ స్టాండింగ్ బేర్ పేరుతో పుస్తకాలు రాశాడు. పేరు మార్చారు, జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఇండియన్‌ను చంపి మనిషిని బతికించాలి అన్న అర్థంలో ప్రాట్ బహిరంగంగానే మాట్లాడాడు. దీన్ని ఆయన దయ అనుకున్నాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రాట్‌ను దుర్మార్గుడని తేల్చేసి పక్కన పెట్టడం సులువు. చదువు చెప్పాలన్న పట్టుదల ఆయనకు నిజంగానే ఉంది. పిల్లవాడి దగ్గర అప్పటికే ఒక చదువు ఉందన్న సంగతి మాత్రం ఆయనకు కనబడలేదు. మన ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లలోనూ ఇలాంటి మంచివాళ్లను మనం చూస్తూనే ఉంటాం.

1880లో సింతే గ్లెస్కా కార్లైల్‌కు వెళ్లి చూశాడు. పిల్లలు సైనికుల బట్టల్లో ఉన్నారు, కవాతు చేస్తున్నారు. ఆయన కోపంతో తన పిల్లలను వెనక్కి తీసుకుపోయాడు. పెద్ద కాబట్టి ఆయనకు అది సాధ్యమైంది. మిగతా తల్లిదండ్రులకు ఆ వీలు లేకపోయింది. 1918లో మూతపడేలోపు వేలమంది పిల్లలు ఆ బడికి వెళ్లారు. వందకు పైగా పిల్లలు అక్కడే చనిపోయి అక్కడి శ్మశానంలోనే మిగిలారు. రోజ్‌బడ్‌కు చెందిన తొమ్మిదిమంది పిల్లల ఎముకలను 2021లో తెగవాళ్లు ఇంటికి తెచ్చుకుని తమ నేలలో పాతిపెట్టుకున్నారు. ఆ పనికి పూనుకున్నది తెగలోని హైస్కూలు వయసు యువత. చదువుల పర్యటనలో కార్లైల్‌లో ఆగి ఆ సమాధులు చూసినప్పుడు, వీళ్లను ఇంటికెందుకు తీసుకుపోకూడదు అని వాళ్లు అడిగారు.

కార్లైల్ ఒక్కటే కాదు. అలాంటి బడులు దేశమంతా వచ్చాయి. 1891లో అమెరికా కాంగ్రెస్ ఇండియన్ పిల్లలకు బడిని తప్పనిసరి చేసే అధికారం ఇచ్చింది. 1893లో, పిల్లలను పంపని కుటుంబాలకు రేషన్ ఆపేయవచ్చని చట్టం చేసింది. వేటకు నేల లేకుండా చేసి, రేషన్ మీద బతికేలా చేసి, ఆ రేషన్‌ను ఆపడం! ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. 1892లో పిల్లలను తీసుకుపోవడానికి వచ్చిన షిప్లీ అనే ఏజెంటును నవాహోల నేలలో రౌండ్ రాక్ దగ్గర బ్లాక్ హార్స్ అనే పెద్ద, ఆయన మనుషులు పట్టుకుని కొట్టారు. 1895లో హోపీ తెగకు చెందిన 19మంది మగవాళ్లను శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఆల్కట్రాజ్ దీవి జైలులో పెట్టారు. పిల్లలను బడికి పంపకపోవడం వాళ్లు చేసిన నేరాల్లో ఒకటి. ప్రభుత్వం దృష్టిలో వీళ్లు చదువుకు శత్రువులు. పిల్లలను పోగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్లని మనం అనుకోవాలి.

తర్వాతి డెబ్భై ఏళ్ల సంగతి త్వరగా దాటేద్దాం. 1928లో మెరియమ్ నివేదిక ఈ హాస్టల్ బడుల తిండి, రద్దీ, పిల్లలతో చేయించే చాకిరీ అన్నీ బయటపెట్టింది. కొన్ని బడులు మారాయి, కొన్ని మారలేదు. 1969లో సెనేట్ కమిటీ మళ్లీ విచారించి, ఇండియన్ల చదువు దేశానికే విషాదం అని చెప్పింది. నివేదికలు రావడం, అవి అలమారల్లో చేరడం మనకు కొత్త సంగతి కాదు. అసలు మార్పు నివేదికల్లోంచి రాలేదు, నవాహోల నేల మీద రఫ్ రాక్ అనే పల్లెలోంచి వచ్చింది.

1966లో అక్కడ ఒక బడి మొదలైంది. డబ్బు కేంద్ర ప్రభుత్వానిది, నడిపే బోర్డు నవాహో తల్లిదండ్రులది. బోర్డులో ఎక్కువమంది పెద్దగా బడికి వెళ్లనివాళ్లే. అయినా టీచర్లను తీసుకునేదీ, ఏం చెప్పాలో తేల్చేదీ వాళ్లే. తరగతుల్లోకి నవాహో భాష వచ్చింది, కథలు చెప్పే పెద్దలు వచ్చారు. ఇది నడవగలిగితే కాలేజీ ఎందుకు నడవదు అన్న ఆలోచన అక్కణ్నుంచే పుట్టింది. 1968లో నవాహో తెగ ప్రభుత్వం తీర్మానం చేసి నవాహో కమ్యూనిటీ కాలేజీని స్థాపించింది. ఒక ఆదివాసీ తెగ తన నేల మీద తానే స్థాపించుకున్న మొదటి కాలేజీ అది. 1868 ఒప్పందానికి సరిగ్గా నూరేళ్లు.

1969 జనవరిలో మెనీ ఫార్మ్స్ అనే ఊళ్లో తరగతులు మొదలయ్యాయి. సొంత భవనం లేదు. ప్రభుత్వ హైస్కూలు ఆవరణలోనే సర్దుకున్నారు. రఫ్ రాక్ బడిని నడిపిన రాబర్ట్ రోసెల్ మొదటి అధ్యక్షుడు. ఆయన నవాహో కాదు, నవాహో ఇంటి అల్లుడు. ఆ ఏడాదే నెడ్ హతాత్లీ అనే నవాహో అధ్యక్షుడయ్యాడు. అంతకుముందు ఆయన తెగవాళ్లు చేసే నేత, వెండి పనులు అమ్మే సంస్థను నడిపినవాడు. 1971లో అమెరికా కాంగ్రెస్ ఈ కాలేజీకి నిధులిచ్చే చట్టం చేసింది. 1973లో కాలేజీ సెయిలీ అనే చోట సొంత భవనాల్లోకి మారింది. కొత్త ఆవరణను చూడటానికి హతాత్లీ బతికి లేడు, 1972లోనే చనిపోయాడు. అక్కడి పెద్ద అద్దాల భవనానికి ఆయన పేరే పెట్టారు. ఆ భవనం హోగన్ ఆకారంలో ఉంటుంది. హోగన్ అంటే నవాహోల ఇల్లు, దాని వాకిలి ఎప్పుడూ తూర్పుకే ఉంటుంది. చదువు కూడా ఆ ఇంటి పద్ధతిలోనే సాగాలనుకున్నారు. తూర్పు ఆలోచన, దక్షిణం ప్రణాళిక, పడమర జీవితం, ఉత్తరం చేసినదాన్ని తరచి చూసుకుని నిలకడ పొందడం. కాలేజీ గోడ మీద రాసిపెట్టుకునే నినాదం కాదిది, పాఠాలను అమర్చుకునే క్రమం. బ్లాక్ హార్స్ ఏజెంటును కొట్టిన రౌండ్ రాక్ ఈ సెయిలీకి మరీ దూరం కాదు. పిల్లలను ఇవ్వమన్న చోటికి దగ్గర్లోనే, తొంభై ఏళ్లలోపే, అక్కడి పిల్లలు తమంత తాము దరఖాస్తు పెట్టుకుని కాలేజీలో చేరారు. 1997లో ఈ కాలేజీ పేరు దినే కాలేజీగా మారింది.

రోజ్‌బడ్‌లోనూ ఇదే జరిగింది. పిల్లలను కార్లైల్‌కు పంపి, వెళ్లి చూసి వెనక్కి తెచ్చుకున్న సింతే గ్లెస్కా పేరుతో 1970లో అక్కడి లకోటాలు కాలేజీ పెట్టుకున్నారు. పక్కనే పైన్ రిడ్జ్‌లో మరొకటి వచ్చింది. 1973లో ఆరు ఆదివాసీ కాలేజీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఇప్పుడు అలాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి. తెగ ఇష్టపడి తన పెద్ద పేరు పెట్టుకున్న కాలేజీ ఒకవైపు, నల్లబల్ల మీద పుల్ల పెట్టించి పిల్లవాడి పేరు మార్చిన బడి ఇంకోవైపు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది తొంభై ఏళ్లే.

డబ్బు కష్టం మాత్రం తీరలేదు. మామూలు కమ్యూనిటీ కాలేజీకి రాష్ట్రమో, జిల్లా పన్నులో ఆధారం. రిజర్వేషన్ నేల మీద ఆ పన్నులు ఉండవు. అందుకే 1978లో తెగల కాలేజీల సహాయ చట్టం వచ్చింది. చేరిన ఇండియన్ విద్యార్థుల లెక్క ప్రకారం తలకింత అని కేంద్రం ఇస్తుంది. చట్టంలో రాసినంత మొత్తం చాలా ఏళ్లు ఇవ్వనే లేదు. ఇంకో మెలిక కూడా ఉంది. పక్క ఊరి తెల్ల విద్యార్థి వచ్చి చేరితే కాలేజీ కాదనదు, కాని అతని తలకు ఆ పద్దు కింద డబ్బు రాదు. కాబట్టి ఎవరు తెగ సభ్యులో చూపించే కాగితం విద్యార్థికే కాదు, కాలేజీకీ అవసరమైంది.

ఇప్పుడు అక్కడ చేరాలంటే ఏం చేయాలి? దరఖాస్తు ఫారం నింపాలి. హైస్కూలు మార్కుల పత్రం ఆ బడి నుంచే నేరుగా పంపించాలి. బడి మధ్యలో మానేసినవాళ్లు జీఈడీ అనే పరీక్ష పాసైతే చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో చదువు ఆగిపోయిన సైనికుల కోసం 1942లో పుట్టిన పరీక్ష అది. తర్వాత తెగ సభ్యత్వ రుజువు. ఫెడరల్ సహాయం కోసం ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ఇంకో దరఖాస్తు, అందులో కుటుంబ ఆదాయ వివరాలు ఉంటాయి. దాని మీదే పెల్ గ్రాంటు వస్తుంది. అది అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. చాలామంది ఈ ఫారం భయపెడుతుందని వదిలేసి డబ్బు పోగొట్టుకుంటారు. ఆ తర్వాత ఇంగ్లీషు, లెక్కల్లో ఏ స్థాయి అన్నది తేల్చుకుని, సలహాదారు దగ్గర కూర్చుని ఏ పాఠాలు తీసుకోవాలో రాయించుకోవాలి. అప్పుడు గాని చేరినట్టు కాదు. దరఖాస్తు అంగీకరించారన్న ఉత్తరం చూసి చేరిపోయామనుకునే పిల్లలు అక్కడా ఉంటారు. సీటు అలాట్‌మెంట్ కాగితం చూసుకుని, రిపోర్టు చేసే తేదీ దాటేసే పిల్లలు మన దగ్గర ఉన్నట్టే.

తెగ సభ్యత్వ రుజువు దగ్గర కొంచెం ఆగాలి. నవాహో తెగలో సభ్యులు కావాలంటే నాలుగో వంతు నవాహో రక్తం ఉండాలని నియమం. మనిషిని భిన్నాలుగా లెక్కపెట్టే ఈ పద్ధతి తెగల్లో పుట్టింది కాదు, ప్రభుత్వ లెక్కల పుస్తకాల్లోంచి వచ్చింది. తాతలు ఇచ్చిన వంశం, అమ్మ నుంచి వచ్చే గోత్రం చెప్పగలిగిన పిల్లవాడు కూడా కాగితం మీద భిన్నం తక్కువైతే బయట నిలబడొచ్చు. ఈ నియమం ఉండాలా వద్దా అని వాళ్లలో వాళ్లే ఇంకా వాదించుకుంటున్నారు. మన దగ్గర 1993 చట్టం ప్రకారం తహసీల్దారో, కొన్ని తెగలకు ఆర్డీవోనో ధ్రువీకరించాలి. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు పోతున్న మాట నిజం, కాబట్టి విచారణ వద్దని మనం అనలేం. కాని నాలుగు గట్ల గోత్రమా, అయిదు గట్లదా అని చెప్పగలిగిన పిల్లవాడు, తాను గోండునని ఆఫీసు మెట్ల మీద మూడు వారాలు నిరూపించుకోవాల్సి రావడం కూడా నిజమే. వాళ్లకూ మనకూ ఇక్కడ ఒక తేడా ఉంది. అక్కడ సభ్యుల జాబితా ఉంచేది తెగ ప్రభుత్వం. నియమం తప్పనిపిస్తే దాన్ని మార్చుకునే సభ కూడా వాళ్లదే.

రాష్ట్ర విభజన చట్టం 2014లో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామంది. విజయనగరం వైపు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో చట్టం వచ్చింది. ములుగు సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023లో వచ్చింది. మన తల్లుల పేరు పెట్టినందుకు సంతోషమే. మన పిల్లలు తప్పకుండా దరఖాస్తు చేయాలి, మేమూ చేయిస్తున్నాం. అయితే అవి పార్లమెంటు స్థాపించినవి, సెయిలీ కాలేజీ తెగ సభ స్థాపించినది. ఏ పాఠం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నది మన దగ్గర ఏ గ్రామసభా తేల్చదు.

భాష సంగతి వచ్చింది కాబట్టి టీచర్ల శిక్షణ గురించి ఒక మాట. దినే కాలేజీ రెండేళ్ల కోర్సులు దాటి 1998లో మొదటిసారి ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ ప్రాథమిక ఉపాధ్యాయ విద్యలోనే. నవాహో పిల్లలకు నవాహో భాషలో చెప్పగల టీచర్లు కావాలన్నది అప్పటి అవసరం. ఈ దారి మన నేల మీద వాళ్లకంటే ముందే ఒకసారి మొదలైంది. కొమురం భీం జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన హైమెండార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ పెట్టించాడు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. అక్కడ తయారైన టీచర్లు తమ గూడేల్లోనే గోండీలో అక్షరాలు చెప్పారు. 1956లో రాష్ట్రాలు మారాయి, బడి భాష తెలుగయింది, ఆ వాచకాలు పక్కకు పోయాయి. మేము ఉపాధ్యాయ డిప్లొమా చదివిన రెండేళ్లలో మా భాషకు ఒక్క పేపరు లేదు, ఒక్క పీరియడు లేదు. ఒకటో తరగతి పిల్లలకు ‘అమ్మ’ అన్న మాటకు బొమ్మ చూపించి అర్థం చెప్పే పద్ధతి మాత్రం నేర్పారు.